గోడకు నీళ్లు కొట్టేవాళ్లు కావాలి

పోయిన నెల బెంగళూరు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు రేణిగుంట దగ్గరే. వాళ్ల ఆఫీసులో నలభై మంది ఒక శనివారం తిరుపతి వచ్చి, పేదింటివాళ్ల ఇల్లు కట్టడంలో చెయ్యి వేద్దామని అనుకున్నారు. బస్సు వాళ్లే మాట్లాడుకున్నారు, భోజనాలు వాళ్లే తెచ్చుకుంటారు, ఒకే రంగు టీషర్టులు కూడా సిద్ధం చేసుకున్నారు. "మీరు చూసుకుంటున్న ఇల్లు ఎంతవరకు వచ్చింది సార్? మేం వచ్చేదాకా ఒక గోడ మా కోసం ఉంచుతారా?" అని అడిగాడు.

వాళ్లు వచ్చేది పన్నెండు రోజుల తర్వాత. ఒక గోడ పన్నెండు రోజులు ఆగితే ఏమవుతుందో ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది? బేల్దారి, అంటే తాపీమేస్త్రీ, ఇంకో పని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక మళ్లీ మన వైపు రావడానికి నెల పడుతుంది. ఆ నెల రూఫ్ లెవెల్ ఫొటో పడదు. ఫొటో పడకపోతే ప్రభుత్వం ఇచ్చే బిల్లు రాదు. బిల్లు వస్తుంది కదా అని తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఏ రోజుకారోజు నడుస్తూనే ఉంటుంది.

వద్దు బాబూ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "మరి మాలాంటివాళ్లం ఏం చెయ్యాలి సార్?" అన్నాడు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి కోసం, అలాంటి మనసున్న మిగతావాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మన వైపు పేదవాళ్ల ఇళ్లు ఇటుకలు పేర్చే చేతులు లేక ఆగడం నేను ఒక్కచోట కూడా చూడలేదు. ఒక బిల్లుకూ ఇంకో బిల్లుకూ మధ్య డబ్బు లేక ఆగుతున్నాయి. కాగితం వెంట తిరిగే మనిషి లేక ఆగుతున్నాయి. కట్టిన గోడకు పూటపూటా నీళ్లు కొట్టే తీరిక ఎవరికీ లేక బీటలు వారుతున్నాయి. సాయం చెయ్యాలనుకునేవాళ్లు అక్కడికి చేరాలని నా వాదన.

మేం ఏడుగురం. రిటైరైన లైన్‌మన్ ఒకాయన, ఒక నర్సమ్మ, జిరాక్స్ షాపు నడిపే తమ్ముడు, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఇద్దరు, ఒక టైలరు, బ్యాంకులో ముప్ఫై రెండేళ్లు పనిచేసి దిగిపోయిన నేను. మాకు పేరు లేదు, బోర్డు లేదు. 2021 నవంబర్ వానల్లో కలిశాం. స్వర్ణముఖి పొంగి ఒడ్డున ఇళ్లు కోసుకుపోయిన రోజులవి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలన్నీ ఖాళీ చేయించారు. ఊరంతా కదిలింది, పులిహోర పొట్లాలు, దుప్పట్లు, బియ్యం ఎవరికి తోచింది వాళ్లు పంచారు. వారం తిరిగేసరికి పొట్లాలు పంచేవాళ్లు తగ్గారు, అది సహజమే. ఎనిమిదో రోజు మేం ఏడుగురం ఇంకా అక్కడే ఉన్నాం. అప్పుడు ఒకామె వచ్చి అడిగింది. "అన్నా, నాకు పట్టా ఉండాది. ఇల్లు కట్టుకునేదానికి ఎవురిని అడగాల?"

ఆమె పూలు అమ్ముతుంది. బస్టాండు దగ్గర అందరూ పూలక్క అంటారు. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

పూలక్క ఇల్లు ఎక్కడ ఆగింది

ఏర్పేడు దారిలో, తిరుపతికి 16 కిలోమీటర్ల దూరంలో ఒక సెంటు స్థలం. అంటే 48 గజాలు. అప్పట్లో ప్రభుత్వం ఇచ్చేది 1 లక్షా 80 వేలు, కొంత ఇసుక ఉచితం, సిమెంటు తక్కువ ధరకు. డ్వాక్రాలో ఉంది కాబట్టి పావలా వడ్డీకి ఇంకో 35 వేలు. అది చాలదని పూలక్కకు ముందే తెలుసు. మిగతాది ఎలాగో తెస్తాననుకుంది. ఆమెకు తెలియనిది ఒక్కటే. ఆ డబ్బు ముందు రాదు. బేస్‌మెంట్ కట్టి చూపిస్తే బేస్‌మెంట్ బిల్లు, రూఫ్ లెవెల్‌కు లేస్తే దాని బిల్లు, స్లాబ్ పడితే స్లాబ్ బిల్లు. ప్రతిసారీ ముందు మన చేతి డబ్బు పెట్టాలి.

పునాదికి 85 వేలయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకు 2,550. సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి, పునాది ముందు ఆమెను నిలబెట్టి ఫొటో తీసుకుని పోయాడు. ఐదు నెలలు గడిచినా బిల్లు రాలేదు. 12,750 రూపాయలు వడ్డీ కిందే పోయింది. పూలక్క రోజుకు నాలుగు వందలు మిగిల్చుకుంటే అది మంచి రోజు. అంటే నెల రోజులకు పైగా ఆమె కట్టిన మల్లెమూరలన్నీ ఆ వడ్డీకే.

బిల్లు ఎందుకు రాలేదో నేను కనుక్కున్నాను. వచ్చింది. ఆమె ఖాతాకు రాలేదు. ఆధార్ చివరగా ఏ ఖాతాతో ముడిపడి ఉంటే డబ్బు దానికి పోతుంది. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతా ఒకటుంది. అక్కడ పడింది. పడగానే ఆ బ్యాంకువాళ్లు పాత గ్రూపు లోను బకాయి కింద జమ చేసుకున్నారు.

ఆ బ్యాంకు మేనేజరుతో గట్టిగా మాట్లాడదామని వెళ్లాను. ఆయన చేసినదాన్ని నేను నా సర్వీసులో ఎన్నోసార్లు చేశాను. సిస్టంలో బకాయి కనిపిస్తుంది, ఖాతాలో డబ్బు కనిపిస్తుంది, జమ చేస్తాం. ఆ డబ్బు వెనక సగంలో ఆగిన గోడ ఉందని స్క్రీను మీద కనిపించదు. ముప్ఫై రెండేళ్లలో అలా ఎంతమంది గోడలు ఆపానో నాకు లెక్క లేదు. ఆ రోజు ఆ కుర్చీకి ఇవతల కూర్చున్నాక నాకు మాట పెగల్లేదు. ఆ మేనేజరు మంచివాడు. విషయం చెప్పి, రాతపూర్వకంగా పెట్టి, మూడుసార్లు తిరిగితే సగం వెనక్కి వేయించాడు. ఆ మూడు తిరుగుళ్లు పూలక్క తిరగగలదా? ఒక్కో తిరుగుడుకు ఒక పూట బేరం పోతుంది. పోనీ తిరిగినా, ఆమె మాటను ఎంతమంది కూర్చోబెట్టి వింటారు?

అప్పుడు మాకొక ఆలోచన వచ్చింది. ఏడుగురం తలా 50 వేలు వేశాం. మూడున్నర లక్షలు. బిల్లు రావలసినవాళ్లకు ఆ బిల్లు వచ్చేదాకా వడ్డీ లేకుండా ఇస్తాం. బిల్లు పడగానే వెనక్కి ఇస్తారు, ఇంకొకరికి పోతుంది. దీనితోపాటు ఇవ్వకముందే ఆధార్ ఏ ఖాతాకు ఉందో చూసి సరిచేయిస్తాం. జిరాక్స్ తమ్ముడు ఈ పనిలో మా అందరికంటే గట్టివాడు. ఇప్పటికి తొమ్మిది ఇళ్లు ఆ డబ్బుతో లేచాయి. ఆ తొమ్మిదింటిలో మేం స్వయంగా పేర్చిన ఇటుకలు నూరు కూడా ఉండవు.

చెరుకాకు కప్పిన రోజుల్లో

ఈ మాట చెబితే మా అన్న ఒప్పుకోడు. పూతలపట్టు దగ్గర మా ఊళ్లో ఒకరింటికి ఇంకొకరు వచ్చి ఇల్లు నిలబెట్టేవాళ్లు కదా, చేత్తో చేసిన సాయానికి ఉన్న విలువ డబ్బుకెక్కడిది అంటాడు. నిజమే. నా చిన్నప్పుడు మా ఇంటి వెనక కొట్టాలన్నీ చెరుకాకువి. రెండేళ్లకోసారి పాత ఆకు పీకేసి కొత్తది కప్పాలి. గానుగ ఆడే రోజులు అయిపోగానే ఒక్కో ఇంటికి ఒక్కో రోజు అనుకునేవాళ్లు. పదిమంది వచ్చేవాళ్లు, ఇద్దరు పైకెక్కేవాళ్లు, మిగతావాళ్లు కట్టలు అందించేవాళ్లు. పొద్దుగూకేసరికి ఇల్లు తయారు. ఆ ఇంట్లో సంగటి, ఊరిబిండి తిని పోయేవాళ్లు. రేపు వాళ్లింటికి వీళ్లు.

ఆ సాయం ఎందుకు నడిచిందో చూడాలి. ఆకు చేలో దొరికేది, పని అందరికీ వచ్చేది, ఒక్క రోజులో అయిపోయేది. అన్నిటికంటే ముఖ్యం, రేపు తనకూ అవసరం పడుతుంది. సిమెంటు ఇల్లు ఈ నాలుగింటినీ తీసేసింది. కమ్మీ చేలో పండదు. స్లాబ్ కట్టు పదిమందికీ రాదు. ఒక ఇల్లు ఆరు నెలలు, ఏడాది నడుస్తుంది. బెంగళూరు నుంచి వచ్చే ఆ నలభై మంది ఇంటికి పూలక్క ఏ రోజూ బదులు పనికి పోలేదు. చేతి సాయం పాత రూపంలో మళ్లీ రావాలని కోరుకోవడం తప్పని అనను. ఇల్లు మారాక సాయమూ మారాలి, అంతే.

ఒకసారి కాలేజీ పిల్లలు వచ్చిన సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట ఇరవై రెండు మంది వచ్చారు, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు. ఒళ్లు వంచి పనిచేశారు, తప్పు పట్టడానికి లేదు. ఇంటావిడ ముందు రోజు పక్కింట్లో గిన్నెలు అడిగి తెచ్చుకుని, తెల్లవారుజామున లేచి అందరికీ టమోటా అన్నం వండింది. వాళ్లు తెచ్చుకుంటామన్నా వినలేదు. ఇంటికి వచ్చినవాళ్లు ఆకలితో పోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ రోజు ఆమె కూలికి పోలేదు, సాయానికి వచ్చిన చెల్లెలూ పోలేదు. సాయంత్రం పిల్లలు బస్సెక్కాక నేను లెక్క వేసుకున్నాను. ఇద్దరి రోజు కూలి, బియ్యం, నూనె, గ్యాసు. పిల్లలు మోసిన ఇసుక బేల్దారి మనుషులిద్దరు పూట పనిలో మోసేదే. ఆ రోజు ఎవరు ఎవరికి సాయం చేసినట్టు?

ఆ పిల్లలను ఎందుకు పిలిచానా అని బాధపడ్డాను. కానీ అందులో ఒక అమ్మాయి ఇప్పటికీ మాతో ఉంది. గ్రీవెన్స్ అర్జీలన్నీ ఆమే రాస్తుంది. ఆ ఒక్క రోజు రాకపోతే ఆమె మాకు దొరికేది కాదు. అందుకే ఒక్కరోజు సేవ దండగ అని గట్టిగా అనలేను.

అమెరికస్ నుంచి మనకు రానిది

ఇల్లు కట్టే స్వచ్ఛంద సేవ అనగానే అందరికీ గుర్తొచ్చేది జిమ్మీ కార్టర్ నెత్తిన టోపీ, చేతిలో సుత్తి. అమెరికా అధ్యక్ష పదవి దిగిపోయాక 1984 నుంచి ఆయన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ ఇళ్ల పనికి వెళ్లేవాడు. 2006లో మన దేశానికీ వచ్చాడు, లోనావాలా దగ్గర వంద ఇళ్ల పనికి. ఆ ఫొటోలు నాకూ ఇష్టమే. తొంభై దాటాక కూడా ఆ పనికి వెళ్లిన మనిషి.

కానీ ఆ సంస్థ పుట్టుక చదివితే సుత్తి కంటే ముందు ఇంకొకటి కనిపిస్తుంది. జార్జియా రాష్ట్రంలో అమెరికస్ ఊరి దగ్గర కొయినోనియా అనే వ్యవసాయ క్షేత్రం ఉంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి బతకాలని 1942లో క్లారెన్స్ జోర్డన్, ఆయన మిత్రులు పెట్టుకున్నది. అక్కడికి డబ్బు సంపాదించి విసిగిన మిల్లర్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా వచ్చారు. చుట్టుపక్కల గుడిసెల్లో ఉండే కూలీలకు ఇళ్లు ఎలా అని కూర్చున్నప్పుడు వాళ్లు మొదట పెట్టింది ఒక నిధి. ఇంటి మీద లాభం తీసుకోరు, అప్పు మీద వడ్డీ తీసుకోరు. ఇల్లు పొందినవాళ్లు నెలనెలా కట్టేది మళ్లీ ఆ నిధిలోకే పోతుంది, దాంతో ఇంకొక ఇల్లు. ఆ తర్వాత ఫుల్లర్ దంపతులు ఆఫ్రికాలో అప్పటి జైర్ దేశం వెళ్లి అదే పద్ధతి నడిపి చూశారు. తిరిగొచ్చి 1976లో హ్యాబిటాట్ పెట్టారు. 1983లో అది మన దేశంలో కాలు పెట్టిన చోటు ఎక్కడో కాదు, ఖమ్మం. తెలుగువాళ్లలో ఈ మాట తెలిసినవాళ్లు తక్కువ.

ఆ నిధి సంగతి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. సుత్తి ఫొటో ఒక్కటే మనదాకా వచ్చింది. నిజానికి మనకు ఆ నిధి కొత్త సంగతి కూడా కాదు. మన ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నది అదే. పూలక్కకు మా పద్ధతి వివరిస్తుంటే సగంలోనే, "చీటీ పాట లేని చీటీ, అంతే గదన్నా" అంది. అంతే.

చెమట వాటా అడగొచ్చా

హ్యాబిటాట్ పద్ధతిలో ఇంకో షరతు ఉంది. ఇల్లు పొందేవాళ్లు కూడా కొన్ని వందల గంటలు పని చెయ్యాలి, తమ ఇంటికో, ఇంకొకరి ఇంటికో. దాన్ని చెమట వాటా అనుకుందాం. ఇది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నేను సర్వీసులో ఎంతోమంది ఉద్యోగస్తులకు గృహ రుణాలు ఇచ్చాను. ఒక్కరినీ ఇటుకలు మోయమని అడగలేదు. జీతం చీటీ చూపితే చాలు. జీతం చీటీ లేని బేల్దారికి, పూలమ్మే ఆవిడకు లోను ఇవ్వలేదు. ఊళ్లో సగం ఇళ్లు తన చేతులతో కట్టిన మనిషికి సొంతింటి లోను ఇవ్వని నేను, ఇప్పుడు వెళ్లి నీ చెమట వాటా ఏది అని ఎలా అడగను? పూలక్క భర్త మార్కెట్ యార్డులో మూటలు మోస్తాడు. రోజంతా మోసి వచ్చినవాణ్ని మళ్లీ ఇసుక మొయ్యమనడం న్యాయం కాదు. అందుకని మేం ఎవరికీ ఆ షరతు పెట్టలేదు.

షరతు పెట్టకపోయినా పూలక్క పనిలోకి దిగింది. పొద్దున బేరం అయ్యాక పదకొండు గంటలకు వచ్చేది. రోజూ చూస్తూ చూస్తూ సిమెంటు మూటకు ఎన్ని తట్టల ఇసుక పడుతుందో పట్టేసింది. ఒక రోజు కలుపు చూసి బేల్దారిని ఆపింది. "ఏందన్నా, నిన్న ఆరు తట్టలు, ఈ పొద్దు ఎనిమిది ఏస్తాండారు?" అంది. బేల్దారి నవ్వి రెండు తట్టలు పక్కకు తోశాడు. నేను నెల రోజులు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నా ఆ తేడా నాకు తెలిసేది కాదు.

కిటికీ సంగతి కూడా అంతే. ఇచ్చిన ప్లానులో కిటికీ పడమటి గోడకుంది. ఆమెకు ఉత్తరం గోడకు కావాలి. మధ్యాహ్నం నేల మీద కూర్చుని పూలు కట్టాలంటే పడమటెండ మొహాన కొడుతుంది, పూలూ వాడతాయి. ప్లాను మారిస్తే బిల్లు ఆగుతుందేమోనని మాకు భయం. సచివాలయంలో అడిగితే, విస్తీర్ణం మారకుంటే పరవాలేదన్నారు. కిటికీ ఉత్తరానికి వచ్చింది, అదీ నేల నుంచి రెండడుగుల ఎత్తులోనే. నిలబడినవాళ్లకు అది పొట్టి కిటికీ. కూర్చున్నవాళ్ల మొహానికి సరిగ్గా గాలి తగులుతుంది.

మాతో ఉన్న సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు ఒకడు, కేరళలో తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ పద్ధతి చెప్పాడు. ఇటుకలను పక్కకు నిలబెట్టి గోడ మధ్యలో బోలు వదిలితే నాలుగో వంతు దాకా ఇటుకలు మిగులుతాయి, ఇల్లు చల్లగా ఉంటుంది. మంచి పద్ధతి, నాకు నచ్చింది. పూలక్క అంతా విని, "అట్లయితే ముందు సార్ వాళ్లింటికి కట్టుకోమను, చూసి నేనూ కట్టుకుంటా" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇల్లు ఆమెది. తక్కువ ఖర్చు గోడ వద్దనే హక్కు కూడా ఆమెదే. కాబట్టి మామూలు గోడే లేచింది.

ఇక బేల్దారి వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. "ఊరికే వచ్చి గోడ కట్టి పోతామంటే మేం యాడికి పోవాల సార్? మా పిల్లోళ్లకూ ఇల్లు లేదు" అన్నాడు ఒకాయన. ఆయన పట్టా కూడా అదే కాలనీలో ఉంది, పునాది దగ్గర ఆగి ఉంది. కూలి డబ్బు ఆయన చేతికి పోవడమే ఆయన ఇంటికి సాయం.

నాకు ఇంకా తెగని సందేహాలు

మొదటిది. ఇదంతా ప్రభుత్వం చెయ్యవలసిన పని కదా? బిల్లు ఐదు నెలలు ఆలస్యమైతే ఆ మధ్యలో మా డబ్బు పెట్టి పూడ్చేస్తే, ఆలస్యం ఎవరికీ కనిపించకుండా పోతుంది. మా కాలేజీ లెక్చరరు ఈ మాట మీద నాతో చాలాసార్లు గొడవపడ్డాడు. ఆయన మాటలో బలం ఉంది. అందుకే ప్రతి ఇంటికీ ఒక నోటుపుస్తకం పెట్టాం. ఫొటో తీసిన తేదీ, బిల్లు పడిన తేదీ, మధ్యలో ఎన్ని రోజులు. ఆ పుస్తకాల జిరాక్స్‌లు సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తున్నాం. కొన్నిసార్లు కదలిక వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. అయినా ఆయన చెప్పేదాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేను. ఆ ఆలస్యం అందరికీ కనబడాలని పూలక్కను వడ్డీలో వదిలెయ్యడానికి నాకు మనసొప్పదు.

రెండోది దూరం. పూల మార్కెట్‌కు తెల్లవారుజామున నాలుగింటికి చేరాలి. ఆ వేళకు కాలనీ నుంచి ఏ ఆటో రాదు. గృహప్రవేశం అయ్యి పాలు పొంగించి ఏడాది దాటినా, పూలక్క వారంలో నాలుగు రాత్రులు ఊళ్లో అన్న ఇంట్లోనే పడుకుంటుంది. ఇల్లు సొంతమైంది, బతుకుతెరువు ఊళ్లోనే ఉండిపోయింది. ఇప్పుడు పట్టణాల్లో 2 సెంట్లు, పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంటున్నారు. స్థలం పెరగడం మంచిదే. పని దొరికే చోటుకు ఎంత దూరంలో ఇస్తారన్నది దానికంటే ముఖ్యమని నాకనిపిస్తుంది. ఆమెనే అడిగాను, ఇంత కష్టపడి కట్టింది ఇందుకేనా అని. "తాళంచెవి నా కొంగున ఉండాది గదన్నా. అన్న ఇంట్లో పడుకున్నా ఇప్పుడు భయం లేదు" అంది. మొన్నటి దాకా ఓనరు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటాడో అన్న దిగులుతో ఉన్న మనిషి ఆమె. ఆమె మాట నాకు అర్థమైంది. దూరం గురించి నా బాధ తగ్గలేదు. ఆర్టీసీ బస్సు కోసం అర్జీ పెట్టి ఉన్నాం.

మూడోది తిరిగి రాని అప్పు. తొమ్మిది ఇళ్లలో ఒకరు ఇవ్వలేకపోయారు. బిల్లు పడిన వారంలోనే కొడుక్కి బైకు ప్రమాదం, ఆసుపత్రికి 60 వేలు. మా డబ్బు అందులో పోయింది. ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. నాలో పాత బ్యాంకు మనిషి లేచాడు. ఒకరికి వదిలితే అందరూ అదే దారి పడతారు, నిధి మునిగిపోతుంది, తర్వాతి ఇంటికి ఏమివ్వాలి? ఇదంతా నిజమే. లైన్‌మన్ అన్న మాత్రం ఆసుపత్రికి పోయి చూసి వద్దామన్నాడు. ఇద్దరం పోయాం. అప్పు మాట ఎత్తలేదు. బ్రెడ్డు ప్యాకెట్, బత్తాయిలు ఇచ్చి వచ్చాం. రెండు నెలల తర్వాత ఆమే వచ్చి ఐదు వందలు ఇచ్చింది. నెలకు ఐదు వందలు. ఆ లెక్కన తీరడానికి పదేళ్లు పడుతుంది. ఆ లోటు మేం ఏడుగురం మళ్లీ వేసుకున్నాం. ఇలాంటివి మూడు వస్తే ఏం చేస్తామన్నది ఇంకా తేల్చుకోలేదు.

నీళ్ల పని

ఇక శీర్షికలో పెట్టిన మాట. గోడ కట్టాక, స్లాబ్ వేశాక సిమెంటు గట్టిపడాలంటే తడి ఉండాలి. గోడకు కనీసం వారం, స్లాబ్‌కు రెండు వారాలు. ఈ పనికి కూలి పెట్టరు, బేల్దారి ఉండడు, ఇంటివాళ్లు వాళ్ల పనికి పోతారు. కాలనీలో కొళాయి లేదు. మా తిరుపతి ఎండల్లో పొద్దున కొట్టిన నీళ్లు పదింటికల్లా ఆరిపోతాయి. సరిగ్గా తడపని గోడను గోరుతో గీకి చూడండి, గచ్చు పొడిలా రాలుతుంది. అప్పు తెచ్చి, బిల్లు కోసం తిరిగి, కిటికీ కోసం వాదించి కట్టిన ఇల్లు ఆఖరికి నీళ్లు లేక పాడవుతుంది.

పూలక్క స్లాబ్ పడింది మే నెలలో, తిరుపతి గంగజాతర వారం. మనుషులెవరూ దొరకలేదు. లైన్‌మన్ అన్న ఒక్కడే ట్యాంకర్ మాట్లాడి, స్లాబ్ మీద మడిగట్లలాగా గచ్చుతో చిన్న గట్లు కట్టించాడు. 340 చదరపు అడుగుల స్లాబ్ మీద రెండంగుళాల నీళ్లు నిలవాలంటే సుమారు 1,600 లీటర్లు. పద్నాలుగు రోజులు ఆయన పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఐదింటికీ స్కూటర్ మీద 16 కిలోమీటర్లు పోయి నిచ్చెన ఎక్కాడు. నీళ్లు తగ్గిన మడి చూసి పైపు పెట్టేవాడు. ఎండు గోనెలు తడిపి అంచుల మీద కప్పేవాడు. అరవై ఆరేళ్ల మనిషి. ఆయన ఫొటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు, ఎవరూ తియ్యలేదు.

మా ఊరివాళ్లకు సేవ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. కొండ మీద శ్రీవారి సేవ 2000 నుంచి నడుస్తోంది. సేవకు వచ్చినవాళ్లు నాకు గుడి దగ్గరే కావాలని పట్టుబట్టరు. క్యూలైన్లో నీళ్లిమ్మంటే ఇస్తారు, అన్నప్రసాదం దగ్గర కూరగాయలు తరగమంటే తరుగుతారు. ఏ పని అవసరమో అది అక్కడివాళ్లు చెబుతారు, వచ్చినవాళ్లు చేస్తారు. పూలక్క ఇంటి దగ్గర కూడా ఆ మర్యాదే ఉండాలని కోరుకుంటున్నాను. ఆమెకు ఏం కావాలో ముందు ఆమెను అడగాలి.

ఇవన్నీ ఆ బెంగళూరు అబ్బాయికి పెద్ద మెసేజ్‌గా రాసి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. మూడో రోజు ఫోన్ చేశాడు. బస్సు రద్దు చేసుకుని ఆ డబ్బూ, భోజనాల డబ్బూ నిధిలో వేస్తామన్నారట కొందరు. కొందరికి నచ్చలేదు, వాళ్లు వేరే చోటు చూసుకుంటారు. ఆ అబ్బాయికి మాత్రం వర్క్ ఫ్రం హోం కుదురుతుంది, రెండు వారాలు రేణిగుంటలో వాళ్లమ్మ దగ్గర ఉంటానన్నాడు. "పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఐదు తర్వాత నేను ఫ్రీ సార్. నీళ్ల పని నాకివ్వండి."

పునాది దగ్గర ఆగిన ఆ బేల్దారి ఇల్లు ఇప్పుడు రూఫ్ లెవెల్ దాటింది. వచ్చే గురువారం స్లాబ్. శుక్రవారం పొద్దున ఆరింటికి ట్యాంకర్ వస్తుంది. పైపు, గోనెలు పూలక్క ఇంట్లో ఉన్నాయి.